మిగిలిన పొగ

కాకినాడలో కార్లు ఆగిపోయి ఆరేళ్ళయింది. కారెక్కనందువల్ల ఎంత పొగ తగ్గిందో ప్రతి సైకిల్‌ మీటరూ అంచనా కడుతుంది. పేర్రాజు తన ఏడాది ప్రయాణాల చీటీని వార్డు ఆఫీసులో గుమస్తా హేమలతకి చూపించాడు.

“అంబులెన్సు దొరక్క, మా ఇంటిదాన్ని, మంగని, ఎనకాల కూకోబెట్టుకుని ఆసుపత్రికి తొక్కేనమ్మా. దారిలోనే పోయింది. ఎనిమిదొందల గ్రాముల పొగ మిగిల్చేనంట. అది కొట్టెయ్యండి.”

హేమలత చీటీలో ఆ వరుస మీద వేలు పెట్టింది.

“కారుంటే అందులో వెళ్ళేవారా బాబాయ్?”

“ఎళ్ళేవోణ్ణి. బతికుండేది.”

“అయితే అది మిగులు కిందే లెక్క. తియ్యడానికి వీల్లేదు.” ఆమె గొంతు తగ్గించింది. “వెళ్ళేవాణ్ణి కాదనండి. తీసేస్తాను.”

పేర్రాజు చీటీ వెనక్కి తీసుకున్నాడు. మంగని కారెక్కించేవాణ్ణి కాదని ఎలా అనగలడు? చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.