పాతాళం గడప

"ఒకలింట్లోకి కత్తట్టుకుని దూరినోడు వీరుడెలాగయ్యాడు? ఆ ఇంట్లో ఉన్న పాపానికి నాను రాచ్చసినెలాగయ్యాను? ఆట తయారుసేసినోల్లు మీరే సెప్పాల."

ఫోనులో ఆటల కంపెనీ సూపర్‌వైజరును సన్యాసమ్మ నిలదీసింది.

శ్రీకాకుళంలో సగంమంది పొద్దున్నే వీఆర్ కళ్లజోడు తగిలించుకుని పాతాళగుహ ఆటలో వీరులైపోతున్నారు. వాళ్ల చేతిలో చచ్చే రాక్షసి ఉద్యోగం సన్యాసమ్మది. తనూ ఒక కళ్లజోడు పెట్టుకుని, వంటింట్లో బెండకాయలు తరుగుతూనే చస్తుంది. ఆ జీతంతోనే ఇల్లు గడుస్తోంది.

నిన్న ఒక వీరుడు గుహ తలుపు తన్ని, బూట్లతో లోపలికొచ్చాడు. అరిచాడు గానీ గొంతు నీరసంగా ఉంది. ఇంటికొచ్చిన మనిషి కదా, అలవాటుకొద్దీ సన్యాసమ్మ "అన్నం తిన్నావేటి బాబూ?" అని అడిగేసింది.

"నేదమ్మా," అంటూ వాడు కత్తి కింద పెట్టి కూలబడ్డాడు. ఆట ఆగిపోయింది.

"ఇంకోసారి అన్నం మాటెత్తితే ఉద్యోగం పీకేస్తాం," అన్నాడు ఫోనులో సూపర్‌వైజరు.

"పీకీ. మిగతా రాచ్చసులతో కూడా మాటాడేసినాను. వీరుడన్నోడు తలుపు కొట్టాల, సెప్పులు గడపవతల ఇప్పాల, తిన్నావా అనడిగితే జవాబు సెప్పాల. నేదంటే రేపట్నుంచి పాతాళంలో ఒక్క రాచ్చసీ సావదు."