గడప తొక్కని మనిషి

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ వివరాలు ఈ గది దాటవు," అంది పెద్దక్క, ఎవరో ఎత్తుకుపోతున్నట్టు కంప్యూటర్ మీద చెయ్యి వేసి.

"గది దాటించడం కాదు పెద్దక్కా, వెబ్‌లో పెడదామంటున్నాం. అప్పుడు ఎవరికి వాళ్లం ఫోన్లోనే చూసుకోవచ్చు," అంది టైలరు.

"అదే నా భయం."

కట్టుకున్నవాడి దెబ్బలకు తాళలేక ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లను ఎక్కడో ఒకచోట దాచి, ఏదో ఒక పని చూపించే సంఘం అది. ఎవరిని ఏ ఊళ్లో, ఏ ఇంట్లో దాచారన్నది ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంది. దానికి నెట్ కూడా లేదు. అందులోని సాఫ్ట్‌వేర్ పెద్దక్కలాగే పాతకాలపుది, ఆమెకు తప్ప ఎవరికీ లొంగదు. గది తాళంచెవి ఆమె కొంగుముడిలో ఉంటుంది. ఇక మగవాడన్నవాడు ఆ గడప తొక్కడానికి వీల్లేదు. కంప్యూటర్ చెడిపోతే బాగుచెయ్యడానికి కూడా ఆడమనిషినే వెతికి తేవాలి.

అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటున్న నర్సు నోరు విప్పింది. "మొన్న మీరు జ్వరంతో పడుకున్నప్పుడు ఏమైందో మర్చిపోయారా పెద్దక్కా? పసిదాన్ని చంకనేసుకుని ఒకావిడ బస్టాండులో కూర్చుంది. ఏ ఇల్లు ఖాళీగా ఉందో చెప్పే దిక్కు లేదు. చూసి చూసి మళ్లీ మొగుడి దగ్గరికే పోయింది. ఇప్పుడు మా వార్డులో ఉంది, దవడ విరిగి."

పెద్దక్క తల దించుకుంది. "ఆ పాపం నాదే. కాదనను. కానీ ఒకరికి ఆలస్యమైందని అందర్నీ తెచ్చి నడివీధిలో నిలబెడతామా?"

"నడివీధి ఏమిటి పెద్దక్కా, పాస్‌వర్డు ఉంటుంది కదా!" అంది టైలరు. " మా ఆయన చేసిపెడతానన్నారు, ఊరికే."

"మగవాడా?"

"ఆయన గడప తొక్కరు. ఇంట్లో కూర్చునే చేస్తారు. అసలు ఈ వీధిలోకే రానన్నారు. మగవాణ్ణి చూస్తే వాళ్లు బెదిరిపోతారు పాపం, అని."

నర్సు నవ్వేసింది. "ఇలాంటి మొగుళ్లు ఏ అంగట్లో దొరుకుతారే తల్లీ? నాకూ ఒకణ్ణి చూసిపెట్టు."

టైలరు ముఖం వెలిగిపోయింది. వెలగదా మరి! ఈ సంఘంలో చేరమని పోరింది కూడా ఆయనే. "ఎంతకాలం ఆ మిషను ముందే కూర్చుంటావు? నలుగురికి పనికొచ్చే పని చెయ్యి," అన్నాడు. మొదటి భార్య చనిపోయి ఏళ్లు గడిచినా హాల్లో ఆవిడ ఫోటో దించని మనిషి. టైలరు కూడా దించమని ఏనాడూ అడగలేదు. రోజూ దాని దుమ్ము తుడుస్తూ, పోయినదాన్నే ఇంతగా తలుచుకునేవాడు ఉన్నదాన్ని కష్టపెడతాడా అనుకునేది.

అందుకే పెద్దక్క 'మగవాడా' అన్న తీరు ఆమెకు చురుక్కుమంది.

"మగవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? అసలు సంగతి చెప్పనా? తాళంచెవి కొంగున లేకపోతే మీకు ఊపిరాడదు!"

అనకూడని మాట. అనేసింది. పెద్దక్క కొంగుముడి విప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"మీ ఇద్దరిదీ ఒకే మాటయినప్పుడు ఇక నేనెందుకమ్మా," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ పాత సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, టైలరే స్వయంగా తీసుకెళ్లి భర్త చేతిలో పెట్టింది. ఆయన రేపూ మాపూ అనలేదు. తిండి కూడా కంప్యూటర్ ముందే తిన్నాడు.

"అందరి వివరాలూ వచ్చాయాండీ?"

"ఒక్కటి కూడా వదల్లేదు," అన్నాడు తల తిప్పకుండా.

వారం తిరక్కుండానే ఫలితం కనిపించింది. నర్సు డ్యూటీలో ఉండగానే ఫోన్ చూసుకుని ఒక తల్లీకూతుళ్లకు నీడ చూపించింది. దవడ విరిగినావిడను కూడా ఆసుపత్రి నుంచి అటునుంచి అటే చేర్చేశారు.

"పెద్దక్క ఉంటే ఎంత సంతోషపడేదో," అంది నర్సు.

"ఇప్పటికైనా తెలిసొస్తుందిలే," అంది టైలరు. గెలిచానన్న గర్వం దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆయన లేడు. ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్తున్నానని పొద్దున్నే చెప్పాడు. ఎప్పుడొస్తారో కనుక్కుందామంటే ఫోన్ ఆపేసి ఉంది. ఇంతలో నర్సు ఫోన్ చేసి, వార్డులో నెట్ అందడం లేదని ఏదో ఇంటి వివరం అడిగింది. తన ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తుంటే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంది.

తెర వెలిగింది. సంఘం సాఫ్ట్‌వేరే. అప్పటికే ఎవరిదో పేజీ తెరిచి ఉంది. ఊరు, వీధి, ఇంటి గుర్తు, పనిచేసే చోటు, పని నుంచి ఇంటికి చేరే వేళ. పైన ఒక ఫోటో. చెంప మీద పాత గాటు, గుంటలు పడ్డ కళ్లు.

"ఎవరు కన్న బిడ్డో పాపం," అనుకుంటూ కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది. వెంటనే ఫోన్ తీసి పెద్దక్క నంబరు నొక్కింది.

"చెప్పమ్మా," అంది అవతలి గొంతు.

టైలరు తల తిప్పి హాల్లోని ఫోటోకేసి చూసింది, మళ్లీ తెరకేసి చూసింది.

తెర మీద ఉన్నది, చనిపోయిందని ఆయన చెప్పిన మొదటి భార్య.