ఎదురింట్లో ఫ్రిజ్

"ముందు ఆ ఫ్రిజ్ తీసేయండి అక్కా" అన్నాడు అంజనప్ప ఫోన్లో. "టీవీ, వాషింగ్ మెషినూ కూడా. రేపు మీ పక్కకే వస్తాండారు."

కృష్ణగిరిలో ఉండే తమ్ముడి మాట వింటూనే వెంకటలక్ష్మమ్మ వంటింట్లోని ఫ్రిజ్ వైపు చూసింది. కూతురు మధుమితకు ప్లస్ టూలో మంచి మార్కులు వచ్చాయి. కోయంబత్తూరు కాలేజీలో ఇంజనీరింగ్ సీటూ వచ్చింది. చేరడం మాత్రం ఒక ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్పు వస్తేనే. అది తాలూకా మొత్తానికి ఒక్కరికే ఇస్తారు. పరీక్ష అయింది, ఇంటర్వ్యూ అయింది. ఇక మిగిలింది ఇంటి తనిఖీ. రేపని అంజనప్ప ఎలాగో కనుక్కున్నాడు గానీ, మామూలుగా చెప్పకుండా వస్తారు, నిజంగా లేనివాళ్ళేనా అని ఇల్లంతా చూసుకొని పోతారు. కావేరిపట్టణంలో ఒక పిల్ల పేరు ఫ్రిజ్ చూసి కొట్టేశారట.

"ఆ ఫ్రిజ్ నువ్వు ఇచ్చిందే కదరా" అంది వెంకటలక్ష్మమ్మ.

"ఎవురిచ్చినారని ఆయప్ప అడుగుతాడా? ఉండాదా లేదా అనే చూస్తాడు."

అదీ నిజమే. మొగుడు తిమ్మరాజు గులాబీ తోట వానలకు కుళ్ళిపోయి చాలా రోజులైంది. ఇంట్లో ఉన్న సామానంతా బాగున్న రోజుల్లో వచ్చింది. తోట పోయింది కదా అని టీవీ కూడా పోదు కదా.

సామాను దాచడానికి ఎదురిల్లే దిక్కు. సెల్విది ఒక్క గది రేకుల ఇల్లు. మొగుడు కుమారేశన్ హోసూరు కంపెనీలో లోడింగు పనికి పోతాడు. ఆమె తోటల్లో పూలు కోస్తుంది. అడిగితే కాదనే మనిషి కాదు.

"ఇంటికి పెయింటు కొట్టిస్తాండాము సెల్వీ. నాలుగు దినాలు సామాను మీ ఇంట్లో పెట్టుకుంటావా?"

నిజం చెప్పడానికి లేదు. స్కాలర్‌షిప్పు సంగతి చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. జరగబోయే మంచిని ముందే బయట చెప్పుకోవడం వాళ్ళ ఊరు అత్తిముగంలో ఎవరికీ అలవాటు లేదు. పని అయిపోయి, గంగమ్మకు టెంకాయ కొట్టాకే ఊరికి తెలియాలి. అంతకుముందే తెలిస్తే దిష్టి తగులుతుంది. ఎక్కడా నోరు విప్పకూడదని మొగుడి చేతా కూతురి చేతా వెంకటలక్ష్మమ్మ ఒట్టు కూడా వేయించుకుంది.

"దానికేమక్కా, తెచ్చి పెట్టుకోండి" అంది సెల్వి. చాపలు చుట్టి గోడకు నిలబెట్టి జాగా చేసింది. ఆమె కూతురు ప్రతిభ ఫ్రిజ్‌కు ఒక పక్క చెయ్యి వేసింది. ఆ పిల్లకూ ఈ ఏడే ప్లస్ టూ అయింది.

"పాపను ముందుకి ఏం చేస్తావు సెల్వీ?"

"చూస్తామక్కా. ఇంకా ఏమీ అనుకోలేదు."

పాపం, ఇదీ నాయన వెనకాలే కంపెనీకి పోతుంది కాబోలు అనుకుంది వెంకటలక్ష్మమ్మ. జాలి కూడా పడింది. జాలి పడడానికి ఏం పోయింది.

ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్, ఆఖరికి మిక్సీ కూడా ఆ ఒక్క గదిలోకి చేరాయి. సెల్వి వాళ్ళు ఎక్కడ పడుకుంటారో ఎవరూ అడగలేదు.

"అబద్ధం ఎందుకమ్మా?" అంది మధుమిత ఇంటికి వచ్చాక.

"నువ్వు నోరు మూసుకోని ఉండు. ఇది పోతే ఆ కాలేజీ గేటు కూడా చూడలేవు."

మరుసటి రోజు పొద్దున్నే ట్రస్టు మనిషి సుబ్రమణి వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. అరిచేవాడైతే ఇంత భయం వేసేది కాదు. గదులన్నీ తిరిగి వంటింట్లో ఆగాడు. ఫ్రిజ్ ఉన్న చోట గోడ మాత్రం మసి పట్టకుండా తెల్లగా మిగిలిపోయింది. దానికి అడ్డంగా రాగుల మూట పెట్టారు గానీ, మూట సగానికే వచ్చింది.

"ఈడ ఏముండె?"

తిమ్మరాజు పెళ్ళాం వైపు చూశాడు.

"బీరువా అప్పా" అంది వెంకటలక్ష్మమ్మ. "తోట పోయినప్పుడు అమ్మేస్తిమి."

సుబ్రమణి తల ఊపి ముందు గదిలోకి వచ్చాడు. గోడకు టీవీ బిగించే ఇనుప స్టాండు అలాగే ఉంది. దాన్ని ఊడదీయాలని ఎవరికీ తోచలేదు.

"టీవీ చూడవా పాపా?"

మధుమిత నోరు తెరిచింది. దానికి అబద్ధం ఆడడం చేతకాదు. తల్లి గబుక్కున అడ్డుపడింది.

"అదీ అమ్మేసినామప్పా. చూడాలంటే ఎదురింటికి పోతాది. సెల్వి అని, వాళ్ళింట్లో పెద్ద టీవీ ఉండాది. ఫ్రిజ్జూ, బట్టలుతికే మెషినూ, అన్నీ ఉండాయి వాళ్ళకి. మాకు యాడ నుంచి వస్తాయి?"

అంత పొడుగున ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. భయంలో నోరు ఆగలేదు. మధుమిత తల్లి వైపు చూసి తల దించుకుంది.

సుబ్రమణి మజ్జిగ తాగి లేచాడు.

"తాలూకాలో ఇంక మిగిలింది ఇద్దరేనమ్మా. మార్కుల్లో ఆ ఇంకో పాపే కొంచెం ముందు ఉండాది. ఆ ఇల్లు కూడా ఒకసారి చూసేసి, సాయంత్రానికి చెప్పేస్తాము."

వెంకటలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ఇంట్లో ఏదో ఒకటి ఆయన కంట పడేటట్టు చూడు తల్లీ అని గంగమ్మకు మొక్కుకుంది.

చెప్పులు వేసుకొని వీధిలోకి దిగిన సుబ్రమణి, ఎదురుగా ఉన్న రేకుల ఇంటి వైపు చూసి, "మీరు చెప్పిన సెల్వి, ఆ ఇంకో పాప ప్రతిభ వాళ్ళమ్మేనా?" అని అడిగాడు.