హోడీ

“ఇదేంటి, హోడీ అడుగుతోందే!” అంది దామా, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

పక్కింటి పిల్ల కాడ్జో పకపకా నవ్వింది. “హోడీ ఏంటి పెద్దమ్మా? అది పాస్‌వర్డ్. నా ఫోన్లోంచి గాల్లో నెట్ ఇస్తున్నానా, దానికి నా ఫోను కొత్త. అందుకని అడుగుతుంది.”

“మా అబ్బాయి చారో హోడీ అనే చెప్పాడు. బయటివాడు గుమ్మం దగ్గర ‘హోడీ’ అని కేకేసి, రమ్మన్నాకే లోపలికొస్తాడు. ఇదీ అంతేనట. చారో ఫోనుకి మాత్రం ఎప్పుడూ అడగదు. ఇంటివాడు హోడీ అంటాడా?”

కాడ్జో నవ్వు ఆగిపోయింది.

ఉప్పు కంపెనీ సముద్రం ఒడ్డున కంచె వేసింది. పడవలు దించే దారి పోయింది. ఊరంతా ఇళ్లల్లో కూర్చుని గొణిగింది. చారో ఒక్కడే ఫొటోలు తీశాడు, ఇది ఎవడబ్బ సొత్తని నిలదీశాడు. వానలకు ముందు ఒక సాయంత్రం, కంపెనీ గేటు వైపు వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఊరు గొణగడం కూడా మానేసింది.

ఫొటోలు ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి. నెట్ తగిలితే మొంబాసాలో వాడి స్నేహితులకు చేరతాయి. తన కొడుకేడని అడిగే నోరు ఇంకొకటైనా లేస్తుంది. దామా ఆశ అంతే.

కాడ్జో పాస్‌వర్డ్ కొట్టింది. తగిలింది. మొదటి ఫొటో సగం వెళ్లి ఆగిపోయింది.

“ఛీ! నా ఫోన్లో నెట్ అయిపోయింది.”

అప్పుడే గుమ్మం దగ్గర కేక. “హోడీ!”

“కరీబు, రండి,” అంది దామా.

ఊరి పెద్ద మ్వాంబిరె చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. చేతిలో ఎండుచేపల పొట్లం. చారో కనపడనప్పటి నుంచీ తెస్తూనే ఉన్నాడు.

“కబురేమైనా వచ్చిందా చారో తల్లీ?”

“లేదు పెద్దాయనా. వాడి ఫోను కూడా మోగదు.”

“మొంబాసాలో ఏ పిల్ల వెనకో తిరుగుతుంటాడు. ఆ సాయంత్రం నా కంటపడలేదు గానీ, పడితే చెవి పట్టుకుని లాక్కొచ్చేవాణ్ణి.” కంప్యూటర్ మీదకి వంగాడు. “ఇందులో ఏం దాచాడో చూద్దామా? ఎక్కడికెళ్లాడో తెలుస్తుంది.”

“నెట్ లేదు తాతా,” అంది కాడ్జో.

“నా దాంట్లో బోలెడుంది. డబ్బాలోంచి తీసిన కొత్త ఫోను పిల్లా, మొన్నే!” ఎర్ర తొడుగు వేసిన ఫోను తీసి, నొక్కాడు. “ఊఁ, ఇచ్చాను. పాస్‌వర్డ్ ఎక్కడుంటుందే ఇందులో? ఆగండి, వెతుకుతున్నా.”

చారో నేర్పినట్టే, దామా తెర మీది విసనకర్ర లాంటి నెట్ గుర్తు నొక్కింది. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది.

సగంలో ఆగిన ఫొటో కదిలింది. దాని వెనకే మిగతావీ వరసగా వెళ్లిపోసాగాయి. మ్వాంబిరె ఇంకా పాస్‌వర్డ్ వెతుకుతూనే ఉన్నాడు.

కంప్యూటర్ హోడీ అడగలేదు.