అడగని మాట

ఏప్రిల్ వానలకు చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకులన్నీ పొంగడం మొదలైన వారమే వెర్నన్‌కి కోర్టు నుంచి పిలుపు వచ్చింది.

ఏ కేసు విచారణకు పంపాలో తేల్చే గ్రాండ్ జ్యూరీలో, మామూలు జనంలో ఒకడిగా కూర్చోవాలట. మంగళ, గురువారాలు, మూడు నెలలపాటు.

ఏడాది సంపాదనంతా ఈ వానల్లోనే ఉంటుందని, సెప్టిక్ ట్యాంకులు తోడే తనది ఒక్క ట్యాంకరు, ఒక్క మనిషితో నడిచే వ్యాపారమని వెర్నన్ మొరపెట్టుకున్నాడు. జడ్జి ఓపికగా విన్నాడు. దుక్కి దున్నాల్సిన రైతూ ఇదే చెప్పాడు, పురుళ్లు పోసే నర్సూ ఇదే చెప్పింది, అందరినీ వదిలేస్తే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారని అడిగాడు.

వెర్నన్ మిగతావాళ్లతో పాటు చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. ఆ గదిలో విన్నది బయట ఎవరికీ చెప్పకూడదు, కట్టుకున్న భార్యకైనా సరే.

రెండు వారాల్లో వ్యాపారం సగానికి పడిపోయింది. ఇంట్లో మురుగు పైకి తన్నుతుంటే శుక్రవారం దాకా ఎవరాగుతారు? ఇదే పని చేసే పక్క ఊరి రస్సెల్‌ని పిలిపించుకున్నారు.

అలాంటప్పుడు వచ్చాడు క్లేటన్. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. ట్యాంకరు నడపడానికి మనిషి కావాలని తెలిసి వచ్చానన్నాడు. ఈ పని ఇదివరకు చేశానన్నాడు.

"రెండు రోజులే పని. నేను కోర్టుకి పోయే రోజులు," అన్నాడు వెర్నన్.

"ఏం కోర్టు?"

"గ్రాండ్ జ్యూరీ. నా ఖర్మ."

క్లేటన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"తాళాలివ్వండి బాస్," అన్నాడు.

పని చక్కగా చేశాడు. గడ్డి తొక్కకుండా పైపు లాగుతాడని, మూత బిగించి చుట్టూ కడిగి మరీ పోతాడని ఫోన్లు రావడం మొదలైంది. చేజారిన ఇళ్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎవరైనా దానికి సంతోషిస్తారు. వెర్నన్‌కి మాత్రం అనుమానం పట్టుకుంది. ఇంత మంచివాడు ఇంత తేలిగ్గా ఎందుకు దొరికాడు? రేపు తన ఇళ్లన్నీ ఎగరేసుకుపోవడానికి కాదు కదా?

"నీకన్నా బాగా చేస్తున్నాడని ఉడుక్కుంటున్నావు," అంది భార్య మార్లా.

ఒక గురువారం మధ్యాహ్నం, కోర్టు ఎదురుగా వెర్నన్ శాండ్‌విచ్ తింటున్నాడు. తెలిసినవాడొకడు పలకరించి, నీ ట్యాంకరు రస్సెల్ యార్డులో కనిపించిందేమిటని అడిగాడు. వెర్నన్ శాండ్‌విచ్ పక్కన పెట్టేశాడు. క్లేటన్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంతలో లోపలికి పిలుపు వచ్చింది. ఫోన్ బయట అప్పగించి లోపలికి పోక తప్పలేదు.

ఆ రోజుకి చివరి కేసు డస్టిన్ పూల్ అనే కుర్రాడిది. ఒక రైతు షెడ్డులోంచి జనరేటరు ఎత్తుకుపోయాడని ఆరోపణ. అతని తెల్ల వ్యానును పొరుగాయన ఒకడు పొలం అవతలి నుంచి చూశాడని పోలీసు చెప్పాడు. ఆ గదిలో కుర్రాడు ఉండడు, అతని తరఫు లాయరూ ఉండడు. ఏమన్నా అడగాలంటే జ్యూరీలో కూర్చున్న ఈ తొమ్మిదిమందే అడగాలి.

"ప్రశ్నలేమన్నా ఉన్నాయా?" అంది ప్రాసిక్యూటరు.

దొంగతనం జరిగిన రోజు వాన వెర్నన్‌కి బాగా గుర్తుంది. తను పట్టుకున్న పైపు రెండో కొస తనకే కనపడలేదు. అంత వానలో, పొలం అవతలి నుంచి, అది ఫలానావాడి వ్యానని ఎలా పోల్చుకున్నాడు? జిల్లాలో సగం వ్యాన్లు తెల్లవే కదా?

మాట నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ పొరుగాయన్ని పిలిపిస్తారు. ఇంకో గంట పడుతుంది. ఈలోగా అక్కడ రస్సెల్, క్లేటన్ కలిసి తన కొంప ముంచేస్తారు. పక్కవాళ్లు అప్పటికే కోట్లు తొడుక్కుంటున్నారు. ఎవరో ఒకరు అడగకపోతారా అని అటూ ఇటూ చూశాడు.

ఎవరూ అడగలేదు.

విచారణకు పంపడానికి ఏడు చేతులు లేస్తే చాలు. తొమ్మిదీ లేచాయి.

వెర్నన్ ఆదరాబాదరాగా ఇంటికొచ్చాడు. ట్యాంకరు వాకిట్లో శుభ్రంగా కడిగి ఉంది. మధ్యాహ్నం పైపు చిట్లిందని, రస్సెల్‌ని బతిమాలి ఇంకోటి తెచ్చి క్లేటన్ పని పూర్తి చేశాడని మార్లా చెప్పింది. ఎక్కువ జీతమిస్తాను, నా దగ్గరకి రమ్మని రస్సెల్ అడిగితే, ఒప్పుకున్న మనిషి ఉన్నాడని చెప్పి వచ్చేశాడట.

వెర్నన్‌కి సిగ్గేసింది. జ్యూరీ అయిపోయాక కూడా అతన్ని ఉంచేసుకుందామన్నాడు. ఆ మాట తనే చెప్పాలనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే క్లేటన్ వచ్చాడు. వెర్నన్ నోరు తెరిచేలోపే తాళాలు బల్లమీద పెట్టాడు.

"ఇక రాలేను బాస్. మావాణ్ణి జైల్లో వేశారు. వాడి కోసం తిరగాలి."

"మీవాడా?"

"మా అబ్బాయి డస్టిన్. వాళ్లమ్మ ఇంటిపేరే పెట్టుకున్నాడు, పూల్ అని."

వెర్నన్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ పేరు ఇదివరకే విన్నట్టు మొహంలో కనపడకూడదు. క్షమించమని అనకూడదు. అంటే దేనికని అడుగుతాడు. మార్లా కాఫీ పోస్తూ ఇద్దరినీ చూస్తోంది. రేపు మార్లాకి కూడా చెప్పుకోలేడు, ఎన్నేళ్లు పోయినా చెప్పుకోలేడు.

"నాతో ఒక్క మాట... ముందే అనాల్సింది," అన్నాడు చివరికి.

"ఎలా అంటాను? వాడి కేసు మీ గదికే వస్తుందని మొదటి రోజే తెలుసు," అన్నాడు క్లేటన్. "మిమ్మల్ని మొహమాటపెట్టినట్టవుతుందని ఊరుకున్నాను బాస్. లోపల మీరున్నారు, అడగాల్సింది అడుగుతారని ధైర్యంగా ఉన్నాను."