తలుపు తట్టని ఇల్లు

"ఓడెల్ క్రెన్‌షా! తర్వాత మీ కేసే!"

కోర్టు వరండాలో గుమాస్తా కేక ఇంకా పూర్తి కాలేదు. బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలావిడ చేతిలోని కాఫీ ఒలికి ఓడెల్ తెల్లచొక్కా మీద పడింది.

"కాస్త చూసుకోవద్దా!" అంటూ అతను ఒక్క ఉదుటున లేచాడు. "జడ్జి ముందుకు వెళ్లాల్సినవాణ్ణి. సేగినా ఊరు మొత్తంలో మీ కాఫీకి నేనే దొరికానా?"

ఆవిడ అతని ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తారు? నల్లవాణ్ణి చూడ్డం ఇదే మొదటిసారా?"

"తప్పయింది బాబూ," అంది చివరికి. రుమాలుతో మరక తుడవబోతే అతను ఆవిడ చెయ్యి తోసేశాడు.

కాసేపటికి అతనికే సిగ్గేసింది. ఎనభై ఏళ్ల మనిషి. మళ్లీ పక్కనే కూలబడ్డాడు.

"కంగారులో నోరు జారానమ్మా. మనసులో పెట్టుకోకండి."

"ఏం కేసు?"

"పాతది. ఇరవై రెండేళ్లయింది. జైలు ఎప్పుడో అయిపోయింది. పేరు మీద మచ్చ మాత్రం పోలేదు. దాన్ని తుడిచెయ్యమని అర్జీ పెట్టుకున్నా."

"ఇన్నేళ్లు మోసినవాడివి, ఇప్పుడెందుకు?"

"నా కోసమైతే పెట్టేవాణ్ణి కాదు. మా చెల్లెలు పోయింది. దాని కూతురు ఆరేళ్ల పిల్ల, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో పెరుగుతోంది. నాలాంటివాణ్ణి ఆ పిల్లను పెంచుకోనివ్వరట. ఆదివారం చూడ్డానికి వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు నా కాళ్లు చుట్టేసుకుంటుంది."

ఆవిడ ఖాళీ కప్పును రెండు చేతుల మధ్య నలిపింది.

"ఇంతకీ ఏం చేశావు?"

ఎవరడిగినా 'కుర్రతనం' అని తేల్చేసేవాడు. ఈవేళ ఎందుకో ఆ మాట అనబుద్ధి కాలేదు.

"బార్ బయట మాటామాటా పెరిగింది. ఒకణ్ణి గుద్దాను. ఒక్క గుద్దే. వెనక్కి పడ్డాడు, తల రోడ్డుకు కొట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుందమ్మా. లెనార్డ్ అని... నా ఈడువాడే. మళ్లీ మంచం దిగలేదు."

"తర్వాత చూశావా అతన్ని?"

"వాళ్ల వీధి దాకా చాలాసార్లు వెళ్లాను. తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు. తీసినవాళ్లకు ఏమని చెప్పను?"

ఆవిడ ఎదుటి గోడ వైపు తిరిగింది.

"తట్టాల్సింది," అంది.

తర్వాత బెంచీ పట్టుకుని లేచి, నెమ్మదిగా వరండా మలుపు తిరిగింది.

లోపల జడ్జి అర్జీ చదివి తలెత్తాడు.

"దెబ్బ తిన్నవాళ్ల తరఫున ఎవరైనా మాట్లాడతారా?"

ఓడెల్ తలుపు వైపు చూశాడు. వాళ్లు ఒద్దంటే పని జరగడం కష్టమని అతని లాయరు ముందే చెప్పింది.

ప్రభుత్వ లాయరు డోనా విట్‌కాంబ్ లేచింది. ఏదో చెప్పబోయి ఆగింది.

"ఎవరూ మాట్లాడరండీ. మాకు అభ్యంతరం లేదు."

"అయితే మంజూరు చేస్తున్నాను."

ఇంత తేలిగ్గానా? ఓడెల్‌కు నమ్మకం కుదరలేదు. కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తాడు. ఈ మాట ముందుగా ఆ ముసలావిడకే చెప్పాలనిపించింది.

బెంచీ ఖాళీగా ఉంది.

"ఆవిడ కోసమేనా?" వెనకనుంచి డోనా అడిగింది. "వెళ్లిపోయింది."

"మీకు తెలుసా ఆవిడ?"

"నీ అర్జీకి అడ్డం పడాలనే పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఇందాక నా గదికి వచ్చి, 'నేనేం మాట్లాడను, నేను వచ్చిన సంగతి కూడా లోపల ఎత్తొద్దు' అని నా చేతులు పట్టుకుంది."

ఓడెల్ చొక్కా మీది కాఫీ మరకను తడిమాడు.

"ఆవిడ... ఎవరు?"

"లెనార్డ్ తల్లి," అంది డోనా. "కొడుకును సమాధి చేసి ఇంకా నెల కాలేదు."