మొదట వెళ్ళిన బండి

"నా కూతురు ట్రాక్టర్ల వాళ్ళ బండిలో చర్చికి రావడం నా కంఠంలో ప్రాణముండగా జరగదు," అని ఒవీడియో బల్ల గుద్దాడు. కాఫీ కప్పు ఎగిరిపడింది.

ఎదురుగా కూర్చున్న లెయార్కో అంతకన్నా గట్టిగా గుద్దాడు.

"ఎవర్నయ్యా ట్రాక్టర్ల వాళ్ళంటున్నావు?"

"మిమ్మల్నే బావగారూ. మీ కంపెనీ పెట్టిన పెద్దాయన మొదట్లో చేసింది ట్రాక్టర్లేగా. పైన ఎంత పసుపు రంగు పూస్తే మాత్రం, లోపలున్నది నాగలి దున్నే బుద్ధే."

"మీ మరనెల్లో బండి సంగతి నాకు తెలీదనుకున్నావా? దాన్ని కొన్నవాడు నడపడు. పొద్దున్నా సాయంత్రం గుడ్డపెట్టి తుడుచుకుంటాడు."

డెలియా కాఫీబారులో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే పక్క వీధిలో కుక్కలు లేచి నిలబడతాయి. ఒవీడియో మరనెల్లోలో ఎర్రకార్ల ఫ్యాక్టరీలో ఇంజన్లు పరీక్షించి రిటైరయ్యాడు. లెయార్కో చేసిందీ అదే పని, కాకపోతే సంతాగాతాలో, పసుపుకార్ల ఫ్యాక్టరీలో. ఒవీడియో కూతురు ఇవానాకూ లెయార్కో కొడుకు దావిదేకూ వచ్చే ఆదివారం పెళ్ళి. పెళ్ళికూతురు వచ్చే బండి కోసం తండ్రి తెలిసినవాళ్ళని బతిమాలి ఎర్రకారు మాట్లాడాడు. మామగారు వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని పసుపుకారు మాట్లాడాడు. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదు.

ఇవానా చేతులు కట్టుకుని బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె మొహం కూడా ఎర్రకారు రంగులోనే ఉంది.

"పెళ్ళి నాదా, మీ కార్లదా?" అంది. "ఇవాళ ఈ గొడవ తేలాలి. తేలకపోతే నేనూ దావిదే బస్సెక్కి బొలోన్యా పోతాం. అక్కడ మునిసిపల్ ఆఫీసులో సంతకాలు పెట్టేసి వస్తాం. చర్చీ వద్దు, విందూ వద్దు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నాన్నా వద్దు."

ఆ ఆఖరి మాట ఒవీడియోకి గుచ్చుకుంది. కోటు కుట్టించుకున్నాడు. చర్చి గుమ్మం నుంచి లోపలిదాకా కూతురి చెయ్యి పట్టుకుని ఎలా నడవాలో గదిలో ఒంటరిగా నడిచి చూసుకున్నాడు కూడా.

"ఎలా తేలుస్తావు?" అన్నాడు.

"ఇద్దరూ కళ్ళకు గంతలు కట్టుకుని, రోడ్డుకి వీపు పెట్టి కూర్చోండి. దావిదే, వాడి స్నేహితుడూ రెండు కార్లూ ఒకదాని తర్వాత ఒకటి ఇటు నడుపుకొస్తారు. ఏది ముందొస్తుందో మీకు చెప్పరు. మొదటిది బాగుందా, రెండోది బాగుందా, అంతే మీరు చెప్పాల్సింది. ఇద్దరూ ఏది బాగుందంటే అందులో వస్తాను. మళ్ళీ మాట మార్చకూడదు."

"పోయిన మీ అమ్మ మీద ఒట్టు," అన్నాడు ఒవీడియో.

"మా వాడి మీద ఒట్టు," అన్నాడు లెయార్కో. "కానీ మీ నాన్నకి చెవులంటూ ఉండాలిగా."

"ఇంజన్ని చెవులతో వినేది కుర్రకుంకలు బావగారూ. మాలాంటివాళ్ళు గుండెతో వింటారు."

"నేనూ గుండెతోనే వింటాను. మీకొక్కరికే ఉందా గుండె?"

డెలియా రెండు చేతిరుమాళ్ళు తెచ్చి ఇద్దరి కళ్ళకూ బిగించి కట్టింది. బల్ల బయట అరుగు మీద వేశారు. ఇవానా ఫోను పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది.

కాసేపటికి గేటు వైపు నుంచి ఇవానా గొంతు వినబడింది. ఏదో అంది. ఒవీడియో తల ఊపాడు. ఈమధ్య ఎవరేమన్నా తల ఊపెయ్యడం అతనికి అలవాటైంది. లెయార్కో కూడా ఊపాడు.

ఒవీడియో అరచేతులు రెండూ బల్లకి ఆనించి కూర్చున్నాడు. ఇంకొంచెం సేపటికి అరికాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. అదురు బల్లలోంచి వేళ్ళలోకి పాకి, మోచేతులు దాటి గుండెల్లోకి దిగింది. నిండుగా, గంభీరంగా, తొణక్కుండా. ఇది తను పెంచిన బిడ్డ కాకపోతే ఇంకేమిటి? రుమాలు కింద అతని కళ్ళు తడిశాయి. కొత్త ద్రాక్షరసం వాసన గుప్పుమంది. సెప్టెంబరు కదా, ఊరంతా అదే వాసన.

అది దాటిపోయింది. రెండోది వచ్చింది. అది కూడా పోయింది.

"మొదటిదే బాగుంది," అన్నాడు ఒవీడియో.

"మొదటిదే," అన్నాడు లెయార్కో కూడా.

ఒవీడియో తెల్లబోయాడు. వెంటనే నవ్వాడు. "మా బండే బాగుందని ఒప్పుకున్నారన్నమాట."

"మీ బండేమిటి, మొదట వెళ్ళింది మాది. ఆ గర్జన ఇంకెవరికుంది?"

"గర్జన కాదది, పాట. మీది రెండోది. దగ్గుకుంటూ పోయింది, ముసలి గేదెలాగా."

"ఆ గేదే మీది."

"కన్నకొడుకు మీద ఒట్టేసి అబద్ధమాడతావా?"

"చచ్చిన పెళ్ళాం మీద ఒట్టేసి నువ్వాడలేదూ?"

కుర్చీ వెనక్కి పడింది. గంతలు విప్పుకోకుండానే ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు వెతుక్కుని పట్టుకున్నారు. ఒవీడియో గొంతు నరాలు ఉబ్బాయి. "ఈ పెళ్ళి జరగదు. ఇలాంటి ఇంటికి నా పిల్లనివ్వను."

ఎవరో అతని రుమాలు ఒక్క గుంజు గుంజారు. ఎదురుగా ఇవానా. లెయార్కో రుమాలు కూడా లాగి నేలకేసి కొట్టింది. ఇద్దరి తలలూ దగ్గరికి లాక్కుని, చెవుల్లోకి నోరుపెట్టి, ఒక్కొక్క మాటే విడదీసి అరిచింది.

"వంతెన మీద సైకిళ్ళ పందెం జరుగుతోంది, కార్లు ఆగిపోయాయి, ఇంకో అరగంట పడుతుందని గేటు దగ్గర్నుంచి చెబితే ఇద్దరూ తల ఊపారు. ఇప్పుడు వెళ్ళినవి రెండూ మన ఊరి రైతు ప్రిమో గారి ద్రాక్షపళ్ళ ట్రాక్టర్లు. మొదటిదే బాగుందని ఒట్టేసి మరీ చెప్పారుగా, ఆదివారం నేను అందులోనే చర్చికి వస్తున్నాను."